చెన్నై పళ్లికరణైలో గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాట్ కొనొచ్చా? వాననీటి కాలువల పనిలో ఉన్నవాడి జవాబు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. సొంతూరు చీరాల, ఉద్యోగం ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డులో, పళ్లికరణైలో గ్రౌండ్ ఫ్లోర్ డబుల్ బెడ్‌రూం ఫ్లాట్ చూశారు, అమ్మానాన్నలకి మోకాళ్ల నొప్పులు కాబట్టి కిందే కావాలి, బిల్డరేమో "2015 వరదల్లో కూడా ఇక్కడ చుక్క నీళ్లు రాలేదు సార్" అంటున్నాడు, నమ్మొచ్చా అని. నాది నాయుడుపేట దగ్గర పల్లెటూరు. చెన్నై వచ్చి ఇరవై ఆరేళ్లు, అందులో పంతొమ్మిదేళ్లు వాననీటి కాలువల పనుల్లో సైట్ ఇంజనీరుగానే గడిచాయి. ఉండేది మడిపాక్కంలో. 2015లో మా హాల్లో నాలుగడుగుల రెండంగుళాల నీళ్లు నిలిచాయి. ఆ గీత ఇంకా గోడ మీద ఉంది, ఆ తర్వాత రెండుసార్లు పెయింట్ వేయించాను గానీ ఆ జానెడు చోటు మాత్రం వదిలేయమన్నాను.

ముందు బిల్డరు మాట సంగతి చూద్దాం. అతను అబద్ధం చెప్పాడని నేననను. 2015లో ఆ ఇంట్లోకి నీళ్లు రాలేదు, నిజమే, ఎందుకంటే అప్పటికి ఇల్లే లేదు. ఖాళీ జాగాలో మోకాలి లోతు నిలబడినా చూసేదెవరు, గేదెలు తప్ప. ఇక రెండోది, ఇదే అసలు సంగతి. 2015 అనగానే అందరికీ చెంబరంబాక్కం చెరువు గుర్తొస్తుంది. డిసెంబరు 1న మొదలైన వాన మర్నాడు పొద్దుటికి తాంబరంలో 49 సెంటీమీటర్లు కురిసింది, ఆ రాత్రి చెంబరంబాక్కం నుంచి 29 వేల క్యూసెక్కుల దాకా వదిలారు. క్యూసెక్కు అంటే సెకనుకి 28 లీటర్ల చిల్లర, లెక్క వేస్తే సెకనుకి ఎనిమిది లక్షల లీటర్ల పైమాట. తర్వాత ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ కూడా దాన్ని మనుషులు తెచ్చిపెట్టిన విపత్తనే రాసింది. కానీ ఆ నీళ్లు పోయింది అడయార్ నదిలోకి. మునిగినవి సైదాపేట, జాఫర్‌ఖాన్‌పేట, కోట్టూర్‌పురం లాంటి ఒడ్డు మీది పేటలు. పళ్లికరణై నీటి దారి వేరు. చెంబరంబాక్కం గేట్లు ఎత్తినా దించినా మీరు చూసిన ఫ్లాటుకి వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. కాబట్టి "2015లో రాలేదు" అనేది మీ ప్రశ్నకి జవాబే కాదు.

మరి పళ్లికరణైకి నీళ్లెక్కడివి? మన వైపు గొలుసుకట్టు చెరువులంటాం చూడండి, పై చెరువు నిండితే కలుజు (మిగులు నీళ్లు పొంగి పోయే చోటు) మీదుగా కింది చెరువుకి, అది నిండితే ఇంకా కిందికి. ఇక్కడా అదే పద్ధతి. తమిళంలో చెరువుని ఏరి అంటారు, మా నెల్లూరు వైపు కలుజునే వీళ్లు కలంగల్ అంటారు. సెంబాక్కం, మడిపాక్కం, కీళ్‌కట్టలై, నారాయణపురం, ఇలా దక్షిణాన ఉన్న చెరువులన్నీ ఒకదాని తర్వాత ఒకటి పొంగి చివరికి చేరేది పళ్లికరణై మడుగులోకే. దాదాపు 250 చదరపు కిలోమీటర్ల నేల మీద పడ్డ వాన ఈ ఒక్క చోటికి వాలుతుంది. పది సెంటీమీటర్ల వాన పడిందనుకోండి, నేలలోకి ఇంకేది తీసేయకుండా లెక్కేస్తే రెండున్నర వేల కోట్ల లీటర్లు. చెంబరంబాక్కం నిండుగా ఉంటే పట్టే నీళ్లలో ఇంచుమించు నాలుగో వంతు. ఒకప్పుడు ఐదు వేల హెక్టార్లకు పైగా పరుచుకున్న మడుగు కాబట్టి ఇదంతా తాగి అరిగించుకునేది. 2022లో రామ్‌సర్ గుర్తింపు, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేల అన్న హోదా, వచ్చింది కేవలం 1,247 హెక్టార్లకి, ఆ మడుగులోనే ఓ మూల పెరుంగుడి చెత్తకుప్ప.

వచ్చే దారులు ఇన్ని ఉన్నాయి కదా, పోయే దారి మాత్రం ఒక్కటే అనుకోండి. ఒక్కియం మడువు అనే కాలువ, ఓఎంఆర్ వంతెన కింద నుంచి వెళ్లి బకింగ్‌హాం కాలువలో కలుస్తుంది. అవునండీ, మీ చీరాల పక్కన పెదగంజాం దగ్గర మొదలయ్యేదే ఆ కాలువ. అక్కణ్ణుంచి దక్షిణంగా పారి ముట్టుకాడు దగ్గర సముద్రంలోకి. అంటే మీ వీధిలో పడ్డ నీళ్లు తూర్పున కళ్లెదురుగా సముద్రం ఉన్నా నేరుగా అందులోకి పోవు, కిలోమీటర్ల కొద్దీ పక్కకి నడిచి వెళ్లాలి, అదీ ఏటవాలు లేని నేల మీద. పైగా ఆ టైంలో సముద్రం పోటు మీద ఉంటే ముఖద్వారం దగ్గర నీళ్లు తీసుకోదు.

ఇది నేను కళ్లారా చూశాను. 2023 డిసెంబరులో మీ బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుఫాను గుర్తుందిగా. దాటింది 5వ తేదీన మీ దగ్గరే గానీ, అంతకు ముందు 3, 4 తేదీల్లో మా పక్కనే సముద్రంలో నింపాదిగా కదులుతూ మమ్మల్ని ముంచేసి పోయింది. వాన తగ్గాక ఒక్కియం మడువు వంతెన దాకా వెళ్లాను, నీళ్లు ఎంత వేగంగా లాగుతున్నాయో చూద్దామని. అంచు దాకా నిండుగా ఉంది, కానీ శబ్దం లేదు. గుర్రపుడెక్క చాప ఒకటి, దాని మీద ఎవరిదో నీలం ప్లాస్టిక్ చెప్పు. వంతెన పిట్టగోడ మీద మోచేతులు ఆనించి పది నిమిషాలు చూశాను, ఆ చెప్పు ఉన్నచోటే ఉంది. ఒకసారైతే రెండు మూడడుగులు వెనక్కి, మడుగు వైపుకే వచ్చింది. కాలువలోనూ అంతే మట్టం, మడుగులోనూ అంతే మట్టం, ఇంకెక్కడికి పోతాయి. వాన ఆగిన రెండు మూడు రోజులకి కూడా పళ్లికరణై, పెరుంబాక్కం వైపు వీధుల్లో పడవలు తిరిగాయంటే కారణం ఇదే. ఇంటి ముందు డ్రైన్ ఎంత పెద్దది కట్టినా దాని చివర తలుపు మూసేసి ఉంటే ఏం లాభం. కట్టేవాణ్ణి నేనే చెబుతున్నాను.

అందుకే ఎవరైనా ఫ్లాట్ గురించి అడిగితే "అక్కడ వాన ఎంత పడుతుంది" అని చూడను, "ఇక్కణ్ణుంచి నీళ్లు ఎటు పోతాయి, ఆ దారి మూసుకుంటే ఏ ఎత్తు దాకా నిలుస్తాయి" అని చూస్తాను. ఆ ఎత్తు మీరే కొలుచుకోవచ్చు, ఇంజనీరు అక్కర్లేదు.

హార్డ్‌వేర్ షాపులో అరంగుళం పారదర్శకపు ట్యూబు పదిహేను మీటర్లు కొనండి. మేస్త్రీలు మట్టం చూసేది దీంతోనే. నీళ్లు నింపండి, కానీ లోపల ఒక్క బుడగ కూడా ఉండకూడదు, ఉంటే లెక్క తప్పుతుంది, ట్యూబుని వేలితో కొడుతూ పోతే బుడగలు పైకొచ్చేస్తాయి. ఆ తర్వాత వీధిలో మిచౌంగ్ నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో కనుక్కోవాలి. బిల్డర్నీ అడగొద్దు, ఎదురింటివాళ్లనీ అడగొద్దు, వాళ్లకి వాళ్ల ఇంటి రేటు పడిపోతుందని భయం. వీధి చివర ఇస్త్రీ బండి అతన్ని అడగండి, ఆవిన్ పాల బూత్‌లో అడగండి. "మిచౌంగ్ అప్పో తణ్ణి ఎదు వరైక్కుం వందుచ్చు?" అనండి చాలు, చేత్తో తొడ మీదో నడుం మీదో కొట్టి చూపిస్తారు. వాళ్లు చూపించిన గోడ మీద చాక్‌పీసుతో గీత పెట్టి, ట్యూబు ఒక చివర అక్కడ, ఇంకో చివర మీరు చూసిన ఫ్లాట్ గుమ్మం దగ్గర పట్టుకోండి. దూరం చాలకపోతే మధ్యలో ఒక కాంపౌండ్ గోడ మీద గుర్తు పెట్టుకుని రెండు అంగల్లో వెళ్లండి. గీత ఎత్తుకి తెచ్చిన నీటిమట్టం మీ ఫ్లాట్ నేల కంటే పైనే ఉంటే ఆ తేడా ఎన్ని అంగుళాలో అంత నీళ్లు మీ అమ్మగారి మంచం కింద ఉంటాయి. గుమ్మం రెండడుగులు పైన ఉంటే అప్పుడు మాట్లాడదాం.

ఇంకోటి, వీధిలో ఈబీ (కరెంటు) మీటర్లు ఎంత ఎత్తులో ఉన్నాయో చూసుకుంటూ నడవండి. పాత ఇళ్లలో మీటరు బోర్డులు భుజం ఎత్తుకి, తల ఎత్తుకి మార్చి ఉంటే అది ఊరికే మార్చరు. జనం నోటితో చెప్పనివి అవి చెబుతాయి. అలాగే గేట్లకి అడుగున సిమెంటు కట్టలు, పాత షట్టర్లకి కింద రెండడుగుల తుప్పు.

రోడ్డు సంగతి కూడా. మేం 2004లో ఇల్లు కట్టినప్పుడు వీధిలోంచి మూడు మెట్లెక్కి లోపలికి వచ్చేవాళ్లం. ఇప్పుడు ఒక మెట్టు దిగి వస్తున్నాం. ఇల్లేం కుంగలేదు, ఎప్పుడు రోడ్డేసినా పాతదాని మీదే కొత్త పొర పోసి పోయారు. పాత పొర గీకేసి, అంటే మిల్లింగ్ చేసి, అప్పుడే కొత్తది వేయాలని 2021లో రాష్ట్ర ప్రభుత్వం గట్టిగా చెప్పింది, మెయిన్ రోడ్లలో చాలాచోట్ల చేస్తున్నారు, సందుల్లో మాత్రం నా కళ్లముందే ఎగ్గొట్టడం చూశాను. కాబట్టి ఇవాళ అడుగున్నర ఎత్తున్న గుమ్మం పదేళ్ల తర్వాత కూడా అంతే ఎత్తులో ఉంటుందని లెక్క వేసుకోకండి.

కాగితాల విషయంలో లాయరు టైటిల్ చూస్తాడు, లోను ఇచ్చే బ్యాంకూ అదే చూస్తుంది, నీళ్ల సంగతి ఇద్దరికీ పట్టదు. చెన్నై ప్లానింగ్ సంస్థ సీఎండీఏ అప్రూవల్ ఉందంటే కట్టుకోడానికి అనుమతి ఉందని, నీళ్లు రావని కాదు. మీరు పట్టాతో పాటు ఎఫ్ఎంబీ స్కెచ్ (స్థలం కొలతల పటం), ఆ సర్వే నెంబరు రెవెన్యూ వాళ్ల ఏ-రిజిస్టర్‌లో ఏమని రాసి ఉందో, పాత గ్రామ పటం, ఈ మూడూ తెప్పించండి. మీ నెంబరుకి గానీ ఆనుకున్న నెంబర్లకి గానీ ఏరి, తాంగల్, కుట్టై, ఓడై, వాయ్‌క్కాల్, నీర్‌నిలై పొరంబోకు అని కనిపిస్తే అది చెరువో, కుంటో, వాగో, కాలువో అని అర్థం. పక్క నెంబర్లు ఎందుకంటే, మీ స్థలం పట్టా భూమే అయ్యుండొచ్చు గానీ పక్కన వాయ్‌క్కాల్ పూడిస్తే ఆ నీళ్లు వచ్చేది మీ పార్కింగ్‌లోకే. అదొక్కటే కాదు, రామ్‌సర్ హద్దుకి ఎంత దూరమో కూడా చూడండి. 2025లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచ్ ఆ మడుగులోనూ చుట్టూ కిలోమీటరు లోపలా కొత్త నిర్మాణాలకి అనుమతులు ఆపమంది. మీది కట్టేసిన బిల్డింగే అయినా రేపు అమ్మాలనుకుంటే కొనేవాడు ఇదే అడుగుతాడు.

చెరువులో కట్టినవన్నీ చెడ్డవే అని కాదు. మనవాళ్లు పెళ్లిచీరలకి పరిగెత్తే టీ.నగర్ మొత్తం 1920లలో మాంబళం చెరువు పూడ్చి వేసిన లేఅవుటే, వెస్ట్ మాంబళంలో లేక్ వ్యూ రోడ్ అని ఇప్పటికీ ఉంది, లేక్ మాత్రం లేదు. వందేళ్లు దాటినా పెద్ద వానకి అక్కడ నీళ్లు తమ పాత చోటు వెతుక్కుంటూ వస్తూనే ఉన్నాయి. నడిబొడ్డున ఉంది కాబట్టి మోటార్లు పెట్టి గంటల్లో తోడేస్తారు. మీ సందుకి ఆ మోటార్లు వచ్చేసరికి మూడో రోజవుతుంది, అంతే తేడా.

ఇప్పుడు అమ్మానాన్నల విషయం. మోకాళ్ల నొప్పులకి గ్రౌండ్ ఫ్లోర్ అంటే నాకూ అర్థమవుతుంది, మా అత్తగారి కోసం మేమూ అలాగే అనుకున్నాం. 2015లో రాత్రి ఒంటిగంటకి నీళ్లు గుమ్మం దాటాయి, కరెంటు లేదు, ఆవిడకి డెబ్భై నాలుగేళ్లు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి పై వాటా కుర్రాళ్లిద్దరు చెరోవైపు పట్టుకుని మెట్లెక్కించారు, ఆవిడ ఒక చేత్తో కుర్చీని, ఇంకో చేత్తో మందుల కవరుని పట్టుకుని "పప్పుల డబ్బాలు, పప్పుల డబ్బాలు" అంటూనే ఉంది. ఆ రోజు నుంచి నా అభిప్రాయం మారింది. పెద్దవాళ్లకి మొదటి అంతస్తే మంచిది. మెట్టు ఎత్తు ఆరంగుళాలు దాటకుండా, రెండు వైపులా రెయిలింగ్ ఉన్న బిల్డింగ్ వెతకండి, కింద వట్టి పార్కింగే ఉంటే మరీ మంచిది. లిఫ్ట్ వరదలో పనిచేయదు, నిజమే, కానీ ఆ మూడు రోజులు వాళ్లు దిగాల్సిన పనేముంది, ఇల్లు పొడిగా ఉంటుంది, వంటగ్యాస్ ఉంటుంది.

ఇంత చెప్పినా బడ్జెట్ కుదరక గ్రౌండ్ ఫ్లోరే తీసుకుంటారనుకోండి. అప్పుడు నీళ్లు గుమ్మంలోంచే వస్తాయని అనుకోకండి, చాలా ఇళ్లలో ముందు వచ్చేది బాత్‌రూంలోంచి. వీధి డ్రైనేజీ నిండగానే కమోడ్‌లోంచి, ఫ్లోర్ ట్రాప్‌లోంచి నల్లగా ఎగదన్నుతుంది. బయటికి వెళ్లే పైపుకి, నీళ్లు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టించండి, ప్లంబరుకి చెబితే అర్థమవుతుంది. అది లేనివాళ్లు గట్టి ప్లాస్టిక్ సంచిలో ఇసుక నింపి, మూతి బిగించి కమోడ్‌లోకి దించేస్తారు, మోటుగా ఉంటుంది గానీ పనిచేస్తుంది. స్విచ్ బోర్డులు, ఇన్వర్టరు నాలుగడుగుల పైన. సంప్ మూత, బోరు మూత నేల కంటే పైకి లేపి కట్టించండి, ఒక్కసారి మురుగు దిగిందంటే బోరు మళ్లీ బాగుపడేసరికి తలప్రాణం తోకకొస్తుంది. వరద తీశాక సంప్ పూర్తిగా తోడి, కడిగి, బ్లీచింగ్ వేసి, అప్పుడే కొత్త నీళ్లు పట్టాలి. ఆ నీళ్లలో నడిచినవాళ్లు, ముఖ్యంగా కాళ్లకి పుండ్లున్నవాళ్లు, డాక్టరుకి ఓసారి చెప్పండి. ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్‌కి ముందు జాగ్రత్తగా మాత్ర ఇవ్వాలో లేదో ఆయన చూస్తాడు.

కరెంటు విషయంలో మాత్రం మొహమాటం వద్దు. నీళ్లు వాకిట్లోకి వచ్చాయంటేనే మెయిన్ ఆపేయాలి, ప్లగ్గు దాకా వచ్చేవరకూ టీవీలో వార్తలు చూస్తూ కూర్చోకూడదు. పాదాలు తడిసి ఉంటే మెయిన్ కూడా ముట్టుకోవద్దు, ఈబీ వాళ్లకి ఫోన్ చేసి ఫీడర్ ఆపించండి. బయటికి నడవాల్సి వస్తే చేతిలో కర్ర తప్పనిసరి, మ్యాన్‌హోల్ మూతలు లేచిపోయి ఉంటాయి, నీళ్ల పైనుంచి కనిపించవు.

కారు ఉందన్నారు. ఆరెంజ్ అలర్ట్ రాగానే మా వైపు వాళ్లంతా కార్లు తీసుకెళ్లి వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద పెట్టేస్తారు, 2024 అక్టోబరులో ఫోటోలు చూసే ఉంటారు. జనం నవ్వారు గానీ నేనూ పెట్టాను. మునిగిన కారుని మాత్రం స్టార్ట్ చేయకండి, ఇంజన్‌లోకి నీళ్లు పోయాక తాళం తిప్పితే రాడ్లు వంగుతాయి, పాలసీలో ఇంజన్ ప్రొటెక్షన్ విడిగా తీసుకోకపోతే క్లెయిమ్‌లో అదే మెలిక పెడతారు, జీరో డెప్ (అరుగుదల కోత లేని పాలసీ) ఉంది కదా అనుకుంటే చాలదు. ఇంటికి కూడా భారత్ గృహ రక్ష అని 2021 నుంచి అన్ని జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీల్లోనూ ఒకే రకం పాలసీ ఉంది, వరద కూడా దాంట్లోకి వస్తుంది, కొంత హద్దు దాకా ఇంట్లో సామానుకీ వర్తిస్తుంది. సామాను ఫోటోలు, బిల్లులు ఫోన్‌లో పెట్టుకోండి.

అలర్ట్‌ల గురించి ఒక్క మాట. ఆరెంజ్ అంటే రోజులో 12 నుంచి 20 సెంటీమీటర్ల దాకా పడొచ్చని, రెడ్ అంటే 20 దాటొచ్చని మోటుగా గుర్తుపెట్టుకోండి. పళ్లికరణైలో ఉండేవాళ్లు రెడ్ కోసం ఆగకూడదు. చెరువులు అప్పటికే కలుజు పారుతుంటే ఆరెంజే ఎక్కువ. నవంబరు రెండో వారం నుంచి ఓ ఆదివారం నారాయణపురం ఏరి గట్టు వైపు ఒక చక్కర్ కొట్టి రండి, చెరువు నిండిందో లేదో టీవీ కంటే ముందు మీకే తెలుస్తుంది. కార్పొరేషన్‌కి 1913, జిల్లాకి 1077, రాష్ట్ర కంట్రోల్ రూంకి 1070. ఫోన్‌లో కాకుండా కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి, ఛార్జింగ్ పోయాక పక్కింటి ఫోన్ అడుక్కోవాల్సి వస్తుంది.

మీ ఫ్లాటు గురించి ఇప్పుడే అవును, కాదు అని చెప్పను, గుమ్మం ఎత్తు తెలియకుండా ఏం చెప్పినా గాల్లో మాటే. టోకెన్ అడ్వాన్స్ ఇచ్చేలోపు ఆ కొలత ఒక్కటి తీసి నాకు రాయండి. ట్యూబు కొత్తది కొనక్కర్లేదు, మడిపాక్కం వైపు వస్తే నాది పట్టుకెళ్లండి. ఒక చివర పగిలింది, రెండంగుళాలు కోసేసి వాడుకోండి.